కింద బొగ్గుబాయి, పైన అమ్మమ్మగారి ఇల్లు: ఇప్పుడు మేడ లేపొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. గోదావరి లోయ బొగ్గు బెల్టులో అమ్మమ్మగారి ఊరు, పాత పెంకుటిల్లు, పక్కనే రెండెకరాల చెలక. కింద అండర్‌గ్రౌండ్ బాయి ఉంది, వచ్చే ఏడాది ఆ వైపు ప్యానెల్‌లో (గనిలో ఒక భాగంలో) డీపిల్లరింగ్, అంటే వదిలిన బొగ్గు పిల్లర్లు తీయడం, మొదలుపెడతారని ఊళ్లో అనుకుంటున్నారు, మామయ్యేమో ఈలోపే పెంకులు దించేసి స్లాబు పోసి పైన ఇంకో అంతస్తు లేపుదామంటున్నాడు, మీరేమో బెంగళూరు మారతహళ్లిలో ఆఫీసులో కూర్చుని "శాటిలైట్‌తో నేల దిగుతుందో లేదో ఇంటి నుంచే చూసుకోవచ్చు కదా" అంటున్నారు.

నేను 31 ఏళ్లు గని సర్వేలో చేశాను, మూడు బొగ్గు క్షేత్రాలు తిరిగాను, ఇప్పుడు కె.ఆర్.పురంలో మా అమ్మాయి దగ్గర ఉంటూ మనవణ్ణి స్కూల్ బస్ ఎక్కించడం తప్ప వేరే డ్యూటీ లేదు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికుంటే చదవండి. జవాబు ముందే చెప్పేస్తా: మామయ్యని ఇప్పుడు ఆపండి. మేడ ఎప్పటికీ కట్టకూడదని కాదు, ఆ ప్యానెల్ పని అయిపోయి నేల సర్దుకున్నాక కట్టుకోవచ్చు. ఈ మధ్యలో మాత్రం పెంకుటిల్లే మంచిది, ఎందుకో కింద చెప్తాను.

అందరూ అడిగే మొదటి ప్రశ్న "సార్, ఎంత దిగుద్ది?" అని. నేల మొత్తం ఒకే మట్టంలో మీటరు దిగితే ఇంటికి ఏమీ కాదండీ, లిఫ్టులో దిగినట్టు ఇల్లూ దాంతోపాటే దిగుతుంది. ఇంటిని పగలగొట్టేది నేల సాగడం, వంగడం. ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోతే పునాది కింద నేల రెండు వైపులా లాగుతుంది, ఇటుక గోడ నొక్కుడు తట్టుకుంటుంది గానీ లాగుడు అస్సలు తట్టుకోదు. పెంకుటిల్లు కర్ర దూలాల మీద ఉంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ సర్దుకుంటుంది, నాలుగు పెంకులు జారితే మళ్లీ పేర్చుకోవచ్చు. స్లాబు ఇల్లు అట్లా సర్దుకోదు, చిట్లుతుంది.

ఇప్పుడు బాయిలో ఏం జరుగుతుందో. మన దగ్గర ఎక్కువ భాగం బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతే, ముందు గ్యాలరీలు (సొరంగ దారులు) తోలుకుంటూ పోతారు, మధ్యలో చదరపు పిల్లర్లు వదిలేస్తారు, ఆ పిల్లర్లే పైనున్న కొండంత బరువు మోస్తుంటాయి. పిల్లర్ ఎంత ఉండాలన్నది మేనేజర్ ఇష్టం కాదు, రూల్ ఉంది, పాత 1957 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ పట్టిక ప్రకారం 150 నుంచి 240 మీటర్ల లోతులో గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లయితే పిల్లర్ సెంటర్ నుంచి సెంటర్‌కి 30.5 మీటర్లకి తగ్గకూడదు. లెక్క కట్టండి, 30.5లో 4.2 పోతే 26.3, 26.3 వర్గాన్ని 30.5 వర్గంతో భాగిస్తే సుమారు 74 శాతం బొగ్గు కిందే నిలబడి ఉంటుంది, తీసింది నాలుగో వంతే. 200 మీటర్ల రాయి బరువు చదరపు మీటరుకి సుమారు 500 టన్నులు, నాలుగో వంతు ఖాళీ అయింది కాబట్టి మిగిలిన పిల్లర్ మీద చదరపు మీటరుకి 670 టన్నుల దాకా పడుతుంది. ఆ స్థితిలో పైన నేల దిగడం చాలా తక్కువ, మిల్లీమీటర్లలో మాట, మీ ఊళ్లో ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ తెలియకపోవడానికి కారణం అదే.

డీపిల్లరింగ్ అంటే ఆ పిల్లర్లనే ముక్కలు ముక్కలుగా తీసుకుంటూ వెనక్కి రావడం. తీసిన చోట పైకప్పు కూలి గోఫ్ అవుతుంది. రాయి కూలితే ముక్కలై పొంగుతుంది, ఆ పొంగు వల్ల ఖాళీ కొంత నిండుతుంది, మిగిలిందే పైకి కదులుతూ వచ్చి నేల మీద పళ్లెంలాంటి పల్లం అవుతుంది. బ్రిటన్‌లో లాంగ్‌వాల్ (పిల్లర్లు వదలకుండా పొడవాటి గోడలా బొగ్గు మొత్తం తీసే పద్ధతి) ప్యానెల్ వెడల్పుగా తీస్తే తీసిన మందంలో 90 శాతం దాకా నేల దిగుతుందని లెక్క, మన గోదావరి లోయలో పైన గట్టి ఇసుకరాయి ఉంటుంది కాబట్టి అంత దిగదు, చాలా చోట్ల సగం, సగానికి కాస్త పైన అనుకోండి. ప్యానెల్ ఇరుకుగా ఉంటే ఆ ఇసుకరాయి వంతెనలా నిలబడి పైన దాదాపు ఏమీ కనపడదు కూడా. కానీ ఒక సీము (బొగ్గు పొర) తీశాక దాని కింది సీము తీస్తే మాత్రం పాత లెక్క పనికిరాదు, పైరాయి అప్పటికే విరిగిపోయి ఉంటుంది కదా, రెండోసారి వంతెనగా నిలబడే బలం ఉండదు, దిగడం ఎక్కువవుతుంది. రామగుండం వైపు ఒకదాని కింద ఒకటి నాలుగు సీములు పనికొచ్చేవి ఉన్నాయి, అందుకే "పోయినసారి ఏం కాలేదుగా" అన్న ధైర్యం పనికిరాదు.

ఇక అసలు లెక్క, మీరు ఇంజనీరు కాబట్టి నచ్చుతుంది. నేల సాగుడు దేనిమీద ఆధారపడుతుందంటే, ఎంత దిగింది అన్నదాన్ని ఎంత లోతు అన్నదానితో భాగించిన దాని మీద. బ్రిటన్ నేషనల్ కోల్ బోర్డ్ వాళ్ల అనుభవం ప్రకారం గరిష్ఠ సాగుడు ఆ భాగఫలానికి సుమారు 0.65 రెట్లు. 3 మీటర్ల మందం తీశారు, సగం అంటే 1.5 మీటర్లు దిగింది అనుకుందాం. లోతు 200 మీటర్లయితే 1.5ని 200తో భాగిస్తే మీటరుకి 7.5 మిల్లీమీటర్లు, దాన్ని 0.65తో గుణిస్తే మీటరుకి 5 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. మీ ఇల్లు పొడవు 10 మీటర్లయితే మొత్తం 5 సెంటీమీటర్ల సాగుడు. అదే 1.5 మీటర్లు 50 మీటర్ల లోతులో జరిగితే మీటరుకి 20 మిల్లీమీటర్లు దగ్గర, ఇంటి పొడవు మీద 20 సెంటీమీటర్లు. ఆ బోర్డు వాళ్లే ఇంటి పొడవులో మార్పుని బట్టి దెబ్బని తరగతులు చేశారు, 3 సెంటీమీటర్ల లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు, 3 నుంచి 6 స్వల్పం, 6 నుంచి 12 చెప్పుకోదగ్గది, 12 నుంచి 18 తీవ్రం, ఆ పైన ఇల్లు మళ్లీ కట్టుకోవాల్సిందే. అంటే అంతే దిగుడికి ఒక ఇల్లు సున్నం పూతతో బాగవుతుంది, ఇంకో ఇల్లు నేలమట్టం, తేడా అంతా లోతులో ఉంది. మన దగ్గర రైలు లైన్ కింద బొగ్గు తీయాలంటే సాగుడు మీటరుకి 3 మిల్లీమీటర్లు దాటకూడదని పెట్టుకున్నది కూడా ఇట్లాంటి లెక్కలతోనే.

అందుకే ఊళ్లోవాళ్లు లోతైన పెద్ద ప్రాజెక్టుని చూసి భయపడుతుంటే నాకు నవ్వొస్తుంది. రామగుండం వైపు అడ్రియాల లాంటి లోతైన లాంగ్‌వాల్‌లో దిగుడు ముందే లెక్కకి అందుతుంది, అడ్డదిడ్డంగా రాదు. నన్ను అడిగితే భయపడాల్సింది తాతల కాలం నాటి లోతు తక్కువ పనులకి, పైన ముప్పై నలభై మీటర్లే ఉండి, పిల్లర్లు నిలబడి ఉండి, మ్యాపు సరిగ్గా లేనివాటికి. అక్కడ పళ్లెంలా దిగదు, ఒకరోజు పొద్దున్నే లేచేసరికి చెలకలో బావిలాంటి గుంత ఉంటుంది, దాన్నే పాట్‌హోల్ అంటాం. 3 మీటర్ల ఎత్తు గ్యాలరీలో కప్పు కూలుతూ పోతే, కూలిన రాయి 30 శాతం పొంగుతుందనుకుంటే, 10 మీటర్లు పైకి వెళ్లేసరికి ఖాళీ తనంతట తానే నిండిపోవాలి, 3ని 0.3తో భాగించండి. కానీ గ్యాలరీలు కలిసే జంక్షన్ దగ్గర ఖాళీ పెద్దది, కూలిన రాయి నాలుగు దారుల్లోకి జారిపోతుంది, నీళ్లుంటే మట్టిని కొట్టుకుపోతాయి, అప్పుడు 10 మీటర్ల లెక్క తప్పి ఇంకా ఎంతో పైకి పోతుంది. వానాకాలంలోనే ఇవి ఎక్కువ పడటానికి కారణం అది. పాత పనుల్లో నిండిన నీటిని పంపులు పెట్టి తోడినప్పుడు కూడా చూసుకోవాలి, నీళ్లు కొంత బరువు మోస్తుంటాయి, అవి పోగానే ఆ బరువు కప్పు మీద పడుతుంది. ఝరియా, రాణిగంజ్ బొగ్గు క్షేత్రాల కోసం 2009లో కేంద్రం 7,112 కోట్ల మాస్టర్ ప్లాన్ పెట్టాల్సి వచ్చిందంటే మంటలతోపాటు ఇట్లాంటి పాత, లోతు తక్కువ పనుల మీద ఊళ్లు కూర్చోవడమే కారణం.

కాబట్టి మీరు ముందు తెలుసుకోవాల్సినవి ఇవి: మీ సర్వే నంబరు కింద సీము ఎంత లోతు, ఎన్ని సీములు, ఏది ఎప్పుడు తీశారు, ఇప్పుడు తీయబోయే మందం ఎంత, గోఫ్ కూలనిస్తారా లేక ఇసుక నింపుతారా, ప్యానెల్ అంచు మీ ఇంటికి ఎంత దూరం. ఇవన్నీ గని ప్లాన్‌లో ఉంటాయి, చట్టప్రకారం ఉంచాల్సిన ప్లాన్లవి. ఊరి నక్షాని దాని మీద వేసి చూపమని మామయ్యతో ఏరియా సర్వే ఆఫీసులో మర్యాదగా అడిగించండి, కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఇంటికి, రైలుకి, రోడ్డుకి 45 మీటర్ల దగ్గరికి పని రావాలంటే డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కావాలన్నది పాత రెగ్యులేషన్లలో 105వ నంబరు, 2017లో కొత్త రెగ్యులేషన్లు వచ్చినా ఆ 45 మీటర్ల మాట పోలేదు. మ్యాపులో ఇల్లు ఎక్కడ పడిందో చూడండి. పళ్లెం నడుమ పడితే పని దాటేటప్పుడు కొద్దిరోజులు లాగుడు వస్తుంది, తర్వాత మళ్లీ ఒత్తుకుంటుంది, చివరికి చదునుగా దిగి ఊరుకుంటుంది. అంచు మీద పడితే మాత్రం ఆ లాగుడు శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే నడిమధ్య ఇల్లు బాగుండి, దూరంగా అంచున ఉన్న ఇల్లు పగలడం చూసి జనం "కంపెనీ వాళ్లు ఏదో దాస్తున్నారు" అంటారు, దాచేదేం లేదు, లెక్కే అంత. సీము ఏటవాలుగా ఉంటే పళ్లెం మొత్తం డిప్పు వైపు (సీము కిందికి వాలిన వైపు) జరుగుతుంది, ఇది కూడా గుర్తుంచుకోండి.

నేల దిగకుండా ఆపొచ్చా అన్నారు. పూర్తిగా ఆపాలంటే బొగ్గు తీయకూడదు. తగ్గించడానికి మాత్రం నమ్మకమైన పద్ధతి ఇసుక స్టోయింగ్, నీళ్లలో కలిపి పైపుల్లో పంపించి తీసిన ఖాళీని నింపుతారు, సరిగ్గా చేస్తే దిగుడు తీసిన మందంలో 5 శాతం దరిదాపుల్లో ఆగుతుంది, 3 మీటర్లకి 15 సెంటీమీటర్లు. సమస్య ఇసుక. టన్ను బొగ్గు తీసిన ఖాళీకి టన్ను పైనే ఇసుక కావాలి, గోదావరి ఇసుకకి బయట కాంట్రాక్టర్లు కట్టే ధర మీకు తెలుసు. అందుకే ఓసీల్లో (పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనుల్లో) బొగ్గు మీద నుంచి తవ్విపోసిన ఓబీ మట్టిని కడిగి ఇసుకలా చేసి వాడటం, థర్మల్ ప్లాంటు బూడిద వాడటం వచ్చింది. రెండోది, పూర్తిగా తీయకుండా ప్యానెళ్లు ఇరుకుగా పెట్టి మధ్యలో గట్టి బ్యారియర్లు (తీయని బొగ్గు గోడలు) వదలడం, బొగ్గు నష్టం గానీ పైన ప్రశాంతం. సగం పిల్లర్లు తీసి సగం బలహీనంగా వదిలేసి వెళ్లడం అన్నిటికంటే చెడ్డది, ఇరవై ఏళ్ల తర్వాత ఎప్పుడు నలుగుతాయో ఎవరూ చెప్పలేరు. పని వేగం కూడా ముఖ్యం, ఇంటి కింద నుంచి ఫేస్ (బొగ్గు తీస్తున్న అంచు) ఒకే వేగంతో దాటిపోవాలి, సరిగ్గా ఇంటి కిందే నెలల తరబడి ఆగిపోతే ఆ లాగుడు అక్కడే నిలిచిపోతుంది.

ఇప్పుడు కొలవడం, ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే తిట్టుకోకండి. ప్యానెల్ మీద నిలువుగా ఒక లైను, అడ్డంగా ఒక లైను, పది పదిహేను మీటర్లకొక కాంక్రీటు పిల్లర్, పైన ఇనుప బొడిపె. పని మొదలవకముందే రెండుసార్లు కొలిచి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత కొలిచిన దానికి విలువే లేదు. ఎత్తులకి డిజిటల్ లెవెల్, పక్కపక్క పిల్లర్ల మధ్య దూరానికి టోటల్ స్టేషన్ (దూరం, కోణం కొలిచే పరికరం) లేదా స్టీల్ టేపు. చాలామంది ఎత్తులు కొలిచి దూరాలు వదిలేస్తారు, ఇంటిని పగలగొట్టేది సాగుడు అయితే దూరం కొలవకుండా ఏం తెలుస్తుంది? ఆర్టీకే జీపీఎస్‌తో చకచకా చేసేస్తాం అంటారు కుర్రాళ్లు, నిలువులో రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయ్యే దానితో మిల్లీమీటర్ల కథ రాయలేం.

నా మొదట్లో నేనే చేసిన తప్పొకటి చెప్తా. ఒక గని మీద లైను మొత్తం పక్కా రోడ్డు కల్వర్టు గోడ మీదున్న బెంచ్‌మార్క్ (ఎత్తు తెలిసిన గుర్తు) నుంచి తెచ్చాను, గట్టి రాతి గోడ, నూరేళ్లది, కదలదని ధీమా. మూడు నెలలు రీడింగులు ఎంత చక్కగా వచ్చాయంటే చివరి పిల్లర్లు పైకి లేస్తున్నట్టు చూపించాయి. మా సీనియర్ సర్వేయర్ కాగితం చూసి ఒక్కటే అడిగాడు, "నీ కల్వర్టు ఎక్కడ నిలబడిందిరా?" అని. ప్లాన్ మీద వేసి చూస్తే అది కూడా ప్యానెల్ ప్రభావంలోనే ఉంది, నాతోపాటే దిగుతోంది. బ్రిటన్ లెక్కలో ప్రభావం ప్యానెల్ అంచు నుంచి 35 డిగ్రీల వాలుతో బయటికి పోతుంది, 200 మీటర్ల లోతుకి 140 మీటర్ల దూరం, మన గట్టి రాయిలో అందులో సగం కూడా పోకపోవచ్చు గానీ, కంట్రోల్ పాయింట్ (కదలని ఆధార గుర్తు) పెట్టేటప్పుడు చెడ్డ లెక్కే వేసుకుని ఇంకా అవతల పెట్టాలి. మూడు నెలల పని బుట్టదాఖలు, క్యాంటీన్‌లో చాలారోజులు నా పేరు కల్వర్టు.

బెంగళూరులో మీరు రోజూ చూసేది కూడా ఇదే పని. మెట్రో పింక్ లైను టన్నెల్ తవ్వినప్పుడు పైన పాత బిల్డింగుల గోడలకి చిన్న అద్దాల్లాంటివి అంటించి ఉండటం చూసే ఉంటారు, అవి టోటల్ స్టేషన్‌కి ప్రిజమ్‌లు, గోడ ఎంత కదిలిందో దూరం నుంచి చదువుతాయి. కింద ఖాళీ చేస్తే పైన పళ్లెం పడుతుంది, మెట్రో అయినా బొగ్గైనా సూత్రం ఒకటే, మెట్రో వాళ్లకి మిల్లీమీటర్లలో, మాకు మీటర్లలో. బనశంకరిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ ఉంది, 1988లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మొదలైంది, గనులకి ఇట్లాంటి స్టడీలు చేసే సంస్థ మీకు బస్సు దూరంలోనే ఉందన్నమాట.

శాటిలైట్ సంగతి. రాడార్ శాటిలైట్ రెండుసార్లు ఒకే చోట ఫోటో తీస్తే తరంగం తేడాతో నేల కదలిక తెలుస్తుంది, ఇన్‌సార్ అంటారు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 శాటిలైట్ డేటా ఫ్రీ, కానీ దాని తరంగం 5.6 సెంటీమీటర్లు, పక్కపక్క పిక్సెళ్ల మధ్య తేడా 1.4 సెంటీమీటర్లు దాటితే లెక్క గందరగోళం అవుతుంది, పైగా వరి పొలం, పత్తి చేను అయితే రెండు ఫోటోల మధ్య పైరు పెరిగి సిగ్నల్ చెదిరిపోతుంది. డీపిల్లరింగ్ మీద నేల వారంలోనే సెంటీమీటర్లకి సెంటీమీటర్లు దిగుతుంది, దానికి ఇది అందుకోలేదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నాసా-ఇస్రో శాటిలైట్ నైసార్‌లో ఎల్ బ్యాండ్ రాడార్ ఉంది, తరంగం 24 సెంటీమీటర్లు, పైరు మీదుగా కూడా మెరుగ్గా చూస్తుంది, 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. దాన్ని బిగించి పరీక్షించింది మీ మారతహళ్లి పక్కనున్న ఇస్రో సెంటర్‌లోనే. ఊరు మొత్తం మీద ఎక్కడ కదులుతోంది, పాత పనుల మీద నెమ్మదిగా ఏమైనా దిగుతోందా అన్నదానికి శాటిలైట్ బంగారం. మీ ఇంటి పునాది రెండు మూలల మధ్య ఎంత సాగింది అన్నదానికి మాత్రం టేపే కావాలి.

మీ ఇంటి వరకు మీరే చేసుకోగలిగింది చాలా ఉంది. పని మొదలయ్యే ముందు గోడలన్నిటినీ తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి, ఉన్న పగుళ్లకి రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి, పెద్ద పగులుకి అడ్డంగా సన్నని గాజు ముక్క సిమెంటుతో అతికించండి, కదిలితే గాజు విరుగుతుంది, అబద్ధం చెప్పదు. మీది నల్లరేగడి అన్నారు కదా, అక్కడే జనం మోసపోతారు. రేగడి ఏప్రిల్, మే నెలల్లో నోరు తెరుస్తుంది, వానలు పడగానే మూసుకుంటుంది, ఆ పగుళ్లు తేనెపట్టులా అన్ని వైపులా ఉంటాయి. బాయి వల్ల వచ్చిన పగులు ప్యానెల్ అంచు వెంబడి ఒకే గీతగా పోతుంది, ఒక పక్క ఇంకో పక్క కంటే మెట్టులా దిగి ఉంటుంది, వానకి మూసుకోదు. ఏడాది ముందు నుంచే ఫోటోలుంటే ఈ రెంటికీ తేడా కాగితం మీద చూపించగలరు, పరిహారం మాట వచ్చినప్పుడు అదే మీ బలం. మేము కూడా సర్వే పిల్లర్ పునాది రేగడి దాటి గట్టి మొరం దాకా దింపేవాళ్లం, లేకపోతే వానాకాలం పిల్లర్ తనే పైకి లేస్తుంది.

చెలకలో పగుళ్లు వస్తే మీరే ఏదో చెత్త వేసి పూడ్చకండి, గని వాళ్లకి చెప్పి బంకమట్టితో దిమ్మిస కొట్టి పూడ్పించండి, వానలకి ముందే. అందులోంచి నీళ్లు కిందికి పోతే పనిచేసేవాళ్ల మీదికి పోతాయి, గాలి పోతే గోఫ్‌లో మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. పశువుల్ని ఆ వైపు కట్టకండి.

ఇంక మేడ. గోఫ్ కూలనిచ్చే పద్ధతిలో ఎక్కువ దిగుడు ఫేస్ దాటిన కొన్ని నెలల్లోనే అయిపోతుంది, తర్వాత కొంచెం కొంచెం మిగులు ఉంటుంది. ప్యానెల్ మూసేశాక ఏడాది పాటు రీడింగులు కదలకుండా ఉంటే, కింద ఇంకో సీము తీసే ప్లాన్ లేదని రాతపూర్వకంగా తేలితే, అప్పుడు కట్టుకోండి. కట్టేటప్పుడు పొడుగ్గా ఒకే ఇల్లు వద్దు, పది పన్నెండు మీటర్లకి మించకుండా రెండు ముక్కలుగా మధ్యలో గ్యాప్ వదిలి, కింద రాఫ్ట్ (ఇంటి కింద మొత్తం పరిచే కాంక్రీటు పలక) పోయించండి, నీళ్ల పైపు ఇంట్లోకి వచ్చే చోట వంగే జాయింటు పెట్టించండి. ఒకవేళ లోతు 50 మీటర్ల లోపని, పాత స్టాండింగ్ పిల్లర్లున్నాయని తేలితే మాత్రం ఈ పేరా మర్చిపోండి, కింద నింపారని చూపిస్తే తప్ప అక్కడ అంతస్తు మాటే వద్దు.

ఇంకొకటి మర్చిపోయాను, అమ్మమ్మగారి పెరట్లో చేదబావి ఉందన్నారు. నెలకోసారి తాడుకి ముడి వేసి నీటి మట్టం ఎంత లోతో నోట్‌బుక్‌లో రాయమనండి, ఇప్పటి నుంచే, ఎందుకంటే చాలా చోట్ల గోడ పగలకముందే బావి ఎండుతుంది, ఎండాక "ముందు ఎంతుండేది" అంటే ఎవరి దగ్గరా కాగితం ఉండదు.